కొట్టివేత లేని వాంగ్మూలం

మంగళవారం ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు, పాత గిడ్డంగి మలుపులో, రొట్టెలు తీసుకెళ్తున్న వ్యాను ఒకటి రోడ్డు దాటుతున్న స్త్రీని గుద్దింది. ఏడూ ఇరవైకి ఆసుపత్రిలో ఆమె చనిపోయింది. వయసు అరవై. లెక్కల టీచరుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయింది.

ఆమె భర్త పద్నాలుగు అడుగుల వెనక ఉన్నాడు. రోజూ ఆమెకు కుడిపక్కన నడిచేవాడు. ఆ రోజు ఎడమ బూటు లేసు ఊడితే ఫుట్‌పాత్ అంచు మీద కాలు పెట్టి వంగాడు. ఆమె ఆగలేదు. "ఊరందరి చిక్కుముళ్లూ విప్పుతావు, నీ బూటు ముడి మాత్రం ఒక్క పూట నిలవదు. కట్టుకుని రా, నేను నడుస్తుంటా" అని ముందుకు వెళ్లింది. తల వంచుకున్న మనిషికి రెండుసార్లు హారన్ వినిపించింది. తర్వాత బ్రేకు. తల ఎత్తేసరికి వ్యాను ఆగి ఉంది. డ్రైవరు తలుపు తీసుకుని దిగుతున్నాడు.

భర్త క్రిమినల్ లాయరు. ముప్పై ఒక్క ఏళ్లుగా ముద్దాయిల తరఫునే వాదిస్తున్నాడు.

తొమ్మిదీ నలభైకి ఆయన పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చాడు. రైటరు కాగితం సర్దుకుంటుండగానే "రాసుకో" అన్నాడు. వ్యాను అతివేగంగా వచ్చింది. హారన్ కొట్టలేదు. మలుపులో తన వైపు వదిలేసి ఎదుటి వైపుకు వచ్చింది. అంతా కలిపి ఒకటింపావు పేజీ అయింది.

"పాతికేళ్లుగా రాస్తున్నాను సార్" అన్నాడు రైటరు. "ఒక్క కొట్టివేత లేకుండా చెప్పింది మీరొక్కరే."

ఆయన చదివి సంతకం పెట్టాడు. కలానికి మూత పెట్టి తిరిగిచ్చాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పబోతే లేసు ఇంకా ఊడే ఉంది.

కోర్టులో ఆయన్ని టేపు వకీలు అంటారు. లా చదవక ముందు ఆరేళ్లు సర్వే ఆఫీసులో కొలత గొలుసు మోశాడు. పగలు గొలుసు, సాయంత్రం కాలేజీ. పట్టా చేతికొచ్చాక పదకొండు నెలలు ఒక్క కేసూ రాలేదు. పన్నెండో నెలలో వచ్చింది దొంగతనం కేసు. దుకాణం వెనక కిటికీలోంచి దూరి గడియారాలు ఎత్తుకుపోయాడని ఒక కూలీ మీద అభియోగం. కొత్త వకీలు టేపు పట్టుకుని వెళ్లి కిటికీ కొలిచాడు. పదకొండు అంగుళాలు. ముద్దాయి భుజాలు కొలిచాడు. పందొమ్మిది. కోర్టులో ఇంకేం మాట్లాడలేదు. ఆ రెండు అంకెలే చెప్పి కూర్చున్నాడు. కేసు కొట్టేశారు. అప్పటి నుంచి ఆయన సంచిలో యాభై అడుగుల టేపు ఉంటుంది.

ఆయన పనితీరు కొత్తవాళ్లకు వింతగా ఉండేది. "నువ్వు చేశావా?" అని ముద్దాయిని ఎన్నడూ అడగలేదు. ఆ రోజు పొద్దున ఏం తిన్నావు, కాళ్లకు ఏం వేసుకున్నావు, బస్సు ఎక్కావా నడిచావా అని అడిగేవాడు. నేరం జరిగిన చోటికి అదే వారం, అదే గంటకు వెళ్లి నిలబడేవాడు. సాక్షుల వాంగ్మూలాలు చదివేటప్పుడు అందులో ఉన్నదానికంటే లేనిదాని కోసం వెతికేవాడు. చూసిన మనిషికి కొంత గుర్తుంటుంది, కొంత గుర్తుండదు. అన్నీ గుర్తున్నవాడు వస్తే జూనియర్లకు చెప్పేవాడు: "చిల్లుల్లేని జల్లెడ తెచ్చి పిండి జల్లించానంటున్నాడు. అది జల్లెడ కాదు, పళ్లెం."

తొమ్మిదో రోజు ఆయన కోర్టుకు వచ్చాడు. మూడు కేసులకు వాయిదాలు తీసుకున్నాడు. ఒకదాంట్లో వాదించాడు. క్యాంటీన్‌లో టీ చేతి మీద ఒలికింది.

"చెయ్యి కాలిందండీ" అన్నాడు క్యాంటీన్ మనిషి.

"అవునా" అని ఆయన చెయ్యి చూసుకున్నాడు.

మెట్ల పక్కన నోటీసు బోర్డు మీద తీర్మానం అంటించి ఉంది. న్యాయవాదుల సంఘం సంతాప సభలో ఏకగ్రీవంగా ఆమోదించినది. మన సోదర సభ్యుని భార్య మరణానికి కారకుడైన డ్రైవరు తరఫున సంఘ సభ్యులెవరూ హాజరు కారాదు. కింద అరవై రెండు సంతకాలు. ఆయన అన్నీ చదివాడు. ఆయనతో పదేళ్లుగా మాటల్లేని వకీలు కూడా సంతకం పెట్టాడు.

డ్రైవరుకు బెయిలు అడిగేవాళ్లు లేరు. కోర్టు తరఫున ఇచ్చే ఉచిత న్యాయవాదుల జాబితాలో పదకొండు మంది ఉన్నారు. ఆ నెలలో పదకొండు మందికీ ఒంట్లో బాగాలేదు. రెండు వాయిదాలు అలాగే గడిచాయి. యాభై మూడు రోజులుగా డ్రైవరు జైల్లో ఉన్నాడు.

యాభై నాలుగో రోజు మధ్యాహ్నం, టేపు వకీలు తన గది బయటి బెంచీ మీద కూర్చుని ఉండగా ఒక ఆవిడ వచ్చి నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు. వేళ్ల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు.

"సార్, టేపు వకీలంట. ఆయన గది ఏది?"

"ఎందుకమ్మా?"

"జైలు దగ్గర లైన్లో చెప్పారు. అందరూ కాదన్నాక ఆయన దగ్గరికి వెళ్లు, ఆయన ఎవర్నీ కాదనడు అని. మా ఆయన రొట్టెల వ్యాను డ్రైవరు సార్."

"ఈ కేసు ఆయన తీసుకోడు."

"మీరూ అదే మాటా? తీర్మానమంటారు, తీర్మానమంటారు. ఆయన కూడా దాంట్లో ఉన్నాడా?"

"లేడు. సాక్షుల్లో ఉన్నాడు."

ఎదుట ఉన్నది ఆయనేనని ఆవిడకు అర్థమైంది. ఒక అడుగు వెనక్కి వేసింది. వెళ్లిపోలేదు.

"రెండుసార్లు హారన్ కొట్టానంటున్నాడు సార్. బిడ్డల మీద ఒట్టేసి చెప్పాడు. మీకు వినపడలేదా?"

ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ సంచి ఇచ్చింది. అభియోగపత్రం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఆయన వాంగ్మూలం నకలు నాలుగో కాగితం. తిరిగి సంచిలో పెట్టి ఇచ్చాడు.

"కాగితాలు జాగ్రత్త" అన్నాడు.

అక్కడి నుంచి లేచి సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాడు. అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలి చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"తీర్మానం వెనక్కి తీసుకోండి."

"నీ కోసం చేశామయ్యా. దండ ఎవడైనా వేస్తాడు. మేం నోరు కట్టేసుకున్నాం. వకీలు నోరు కట్టేసుకోవడమంటే మాటలా?"

"లాయరు లేకుండా శిక్ష వేస్తే పై కోర్టులో ఒక్క పూట నిలవదు."

"నిలవకపోతే మళ్లీ విచారణ. మళ్లీ శిక్ష. ఈలోపు వాడు లోపలే ఉంటాడు. నీకు పోయేదేముంది?"

"నాకు నిలబడే శిక్ష కావాలి."

"రిజిస్టరులో ఎక్కింది తీయాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి. నలభై మంది రావాలి. మనవాళ్లు నలభై మంది ఒకచోట చేరేది ఎన్నికలప్పుడూ విందులప్పుడూను. విందు నువ్విస్తావా?" అని నవ్వబోయి, ఎదుటి మనిషి ముఖం చూసి, పుల్ల పారేశాడు. "ఇంటికెళ్లి పడుకోవయ్యా. కళ్లు చూడు ఎలా ఉన్నాయో."

జిరాక్సు దుకాణం పక్క గదిలో ఆయన దగ్గర ఎనిమిదేళ్లు జూనియర్‌గా చేసిన వకీలు ఉంటుంది. మూడేళ్ల కిందట సొంతంగా పెట్టుకుంది. కోర్టులో ఆమెను టేపు ముక్క అంటారు. ఆమెకు తెలుసు. తీర్మానం మీద ఆమె సంతకం లేదు. ఆ రోజు ఊళ్లో లేదు.

"నన్నెందుకు సార్? ఊళ్లో వకీళ్లు గొడ్డుపోయారా?"

"ఉన్నారు. ఒంట్లో బాగాలేదు."

"అసలు వాడు బయటికి రావాలా మీకు, లోపలుండాలా? ముందు అది చెప్పండి."

"శిక్ష పడాలి. పడితే నిలబడాలి. అందుకు ఎదురు గట్టిగా వాదించే మనిషి ఉండాలి."

"అంటే ఓడిపోవడానికి పిలుస్తున్నారు."

"పని సరిగ్గా చేసి ఓడిపో."

"పని సరిగ్గా చేస్తే బోనులో మిమ్మల్ని నిలబెట్టాలి సార్. మొహమాటపడను."

"నేర్పిందెవరు?"

ఆమె బల్ల మీద కాగితాలు అటువి ఇటు, ఇటువి అటు పెట్టింది. "ఎనిమిదేళ్లు మేడమ్ చేతి వంట తిన్నాను సార్. నా పెళ్లి చీర ఆవిడే కొన్నారు."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నారా?"

"ఇంకెవరూ లేరు."

ఆమె కాగితాలన్నీ ఒక పక్కకు తోసి అంది: "మీ టేపు ఇచ్చి వెళ్లండి. నాది పదహారు అడుగులే."

ఆయన సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ వారంలోనే డ్రైవరుకు బెయిలు వచ్చింది. ఆ సాయంత్రమే బావమరిది ఇంటికొచ్చాడు. అతను కళ్లద్దాల దుకాణం నడుపుతాడు. చనిపోయిన అక్క ఒక్కతే అతనికి తోబుట్టువు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నిజమేనా బావా? దొంగ చేతికి తాళం ఇచ్చినవాళ్ల గురించి విన్నాను. తాళమిచ్చి, దీపం కూడా పట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"కేసు నిలబడాలంటే..."

"నీ కేసుల భాష నాకొద్దు. ఆ అమ్మాయి మూడు రోజులుగా పొద్దున్నే మలుపులో టేపు పట్టుకుని తిరుగుతోందట. పాల డబ్బాలు మోసేవాడు చెప్పాడు. నీ టేపేనట."

"నాదే."

"బాగుంది. సంబడం." అతను గోడ మీద ఫొటో వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు. "ఒక్కటి చెప్పు. నువ్వు చూశావు. చూశావు కదా?"

"వాంగ్మూలంలో ఉంది."

"వాంగ్మూలాన్ని అడగలేదు బావా. నిన్నడుగుతున్నా."

"ఉంది" అన్నాడు టేపు వకీలు.

బావమరిది వెళ్లాక ఆయన పేపరు తీసుకుని మొదటి పేజీ చదివాడు. కిందికంటా వచ్చాక ఏం చదివాడో గుర్తులేదు. మళ్లీ చదివాడు. భోజనం చేశాడు. గిన్నెలు కడిగి బోర్లించాడు. మర్నాడు మామూలు వేళకే లేచాడు. బూట్లు మాత్రం వేసుకోలేదు.

విచారణ నాలుగు నెలల తర్వాత, ఒక గురువారం పదకొండు గంటలకు మొదలైంది. రెండో సాక్షి టేపు వకీలు. ప్రభుత్వ వకీలు ఆయన్ని ఏడు ప్రశ్నలడిగాడు. వాంగ్మూలం చూపించి, ఇది మీరిచ్చిందేనా అన్నాడు. నేనిచ్చిందే, సంతకం నాదే అన్నాడు టేపు వకీలు. పదకొండూ ఇరవైకి టేపు ముక్క లేచింది. గదిలో ఖాళీ కుర్చీ లేదు. అధ్యక్షుడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వాహన ప్రమాదాల కేసులు మీరు ఎన్ని వాదించారు?"

"రెండు వందల పైన."

"డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కావాలంటే సాక్షి ఏం చెప్పాలి?"

ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి, ఆయనకు తెలిసిన సంగతేగా, చెప్పనివ్వండి అంది.

"అతివేగం. హారన్ కొట్టకపోవడం. తప్పు వైపు రావడం. ఒకటి ఉన్నా సరిపోతుంది."

"మీ వాంగ్మూలంలో ఎన్ని ఉన్నాయి?"

"మూడూ ఉన్నాయి."

"మూడూ చెప్పిన సాక్షుల్ని ఇంతకు ముందు చూశారా?"

"నలుగుర్ని చూశాను."

"వాళ్లని ఏమనేవారు?"

"చిల్లుల్లేని జల్లెడ."

వెనక వరుసల్లో ఎవరో నవ్వి ఆపుకున్నారు. టేపు ముక్క నవ్వలేదు. పోలీసులు తీసిన ఫొటో ఆయన చేతికిచ్చింది. ఏడూ రెండు నిమిషాలకు తీసినది. వ్యాను ముందు చక్రం, దాని పక్కన నిలబడ్డ టేపు వకీలు.

"ఎడమ బూటు చూడండి. లేసు ఎలా ఉంది?"

"ఊడి ఉంది."

"ఎప్పుడు ఊడింది?"

"మలుపుకి ముందు."

"కట్టుకోవడానికి ఆగారా?"

"ఆగాను."

"వంగారా?"

"వంగాను."

"మీరు వంగిన చోటు నుంచి మలుపుకి పద్నాలుగు అడుగులు. మధ్యలో ఉత్తరాల డబ్బా ఉంది. ఎత్తు మూడున్నర అడుగులు. మీ ఎత్తున్న మనిషి వంగితే కళ్లు రెండడుగుల నాలుగు అంగుళాల దగ్గర ఉంటాయి. మూడు రోజులు అదే వేళకి కొలిచాను. మీ టేపుతోనే కొలిచాను. ఈ కొలతలు తప్పా?"

"తప్పై ఉండవు."

"వంగి ఉన్నప్పుడు వ్యాను రావడం మీకు కనిపించిందా?"

ఆయన ఫొటో వైపు చూశాడు. పద్నాలుగు అడుగులు, మూడున్నర అడుగులు, రెండడుగుల నాలుగు అంగుళాలు. మనసులో ఒకసారి వేసుకున్నాడు. సరిపోయాయి.

"కనిపించలేదు."

టేపు ముక్క చేతిలోని కాగితం చూసుకుంది. అందులో ఇంకో ప్రశ్న ఉంది. కాగితం మధ్యకు మడిచింది. జవాబు తెలియని ప్రశ్న బోనులో ఉన్నవాణ్ణి అడగొద్దని ఆయనే చెప్పేవాడు.

"అంతే మేడమ్" అని కూర్చుంది.

ప్రభుత్వ వకీలు చటుక్కున లేచాడు. "కనపడకపోతే ఏం, చెవులున్నాయిగా. హారన్ కొట్టలేదని మీరు స్పష్టంగా చెప్పారు. కొట్టలేదు కదండీ?"

"కొట్టాడు."

ప్రభుత్వ వకీలు చేతిలోని వాంగ్మూలం వైపు చూశాడు.

"రెండుసార్లు" అన్నాడు టేపు వకీలు.

టైపిస్టు చేతులు ఆగాయి. జడ్జి కళ్లద్దాలు తీసింది. "వాంగ్మూలంలో కొట్టలేదని ఉంది."

"నేను చెప్పిందే రాశారు మేడమ్. రైటరు తప్పు లేదు."

"ఎందుకలా చెప్పారు?"

బోను ఎక్కబోయే ప్రతి మనిషికీ ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఒకటే చెప్పాడు: అడిగినంతే చెప్పు, కొసరు వెయ్యకు.

"మా ఆవిడకు కుడి చెవి వినపడదు" అన్నాడు. "పెళ్లయిన దగ్గర్నుంచి నేను కుడిపక్కనే నడిచేవాణ్ణి. వ్యాను ఆ పక్క నుంచే వచ్చింది. ఆ పక్క ఎవరూ లేరు."

జడ్జి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేయమంది. మూడో వరుసలో బావమరిది లేచాడు. కూర్చున్నవాళ్ల మోకాళ్ల మీదుగా దాటుకుని బయటికి వెళ్లాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

టైపు చేసిన వాంగ్మూలం మూడు పేజీలు వచ్చింది. టేపు వకీలు నిలబడే చదివాడు. ఒకచోట "ఒకసారి" అని పడింది. కొట్టేసి "రెండుసార్లు" అని రాసి పక్కన పొట్టి సంతకం చేశాడు. ఇంకోచోట "ఎడమ చెవి" అని పడింది. అదీ కొట్టేశాడు. మొత్తం నాలుగు కొట్టివేతలు. చివర పూర్తి సంతకం పెట్టేసరికి పన్నెండూ పది అయింది.

ఇరవై రెండో రోజు తీర్పు వచ్చింది. డ్రైవరు నిర్దోషి. తీర్పు చివరి పేజీలో, పోలీసులకు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు రెండో సాక్షికి నోటీసు పంపమని ఉంది. నోటీసు బోర్డు మీద తీర్మానం అలాగే ఉంది. దాని మూల ఒకటి ఊడిపోతే ఎవరో పిన్ను గుచ్చారు.

నోటీసు మీద మొదటి విచారణ తర్వాతి నెల ఆరో తేదీన. అంతకు ముందు రోజు సాయంత్రం ఐదింటికి టేపు వకీలు జిరాక్సు దుకాణం పక్క గదికి వెళ్లాడు. బల్లకు ఇవతలి కుర్చీలో కూర్చున్నాడు. టేపు ముక్క కొత్త కాగితం తీసి తారీఖు వేసింది.

"ఆ రోజు పొద్దున ఏం తిన్నారు సార్?"

"ఏం తినలేదు. టీ తాగాను. ఆవిడే పెట్టింది."

"ఎన్నింటికి?"

"ఆరూ ఐదుకి."

ఆమె రాసుకుంది. ఆరూ యాభై దాకా అడుగుతూ పోయింది. ఆయన చెబుతూ పోయాడు. కొన్నిచోట్ల గుర్తులేదన్నాడు. అక్కడ ఆమె ఖాళీ వదిలింది.

ఆరో తేదీ పదీ నలభైకి ఆయన పేరు పిలిచారు. ఆయన ముద్దాయి బోనులోకి వెళ్లి నిలబడ్డాడు. తరఫున ఎవరని జడ్జి అడిగింది. టేపు ముక్క లేచి వకాలతు కాగితం గుమస్తాకు అందించింది. కేసు పద్దెనిమిదో తేదీకి వాయిదా పడింది.